పెద్దలు ఇద్దరు, పిల్లలు సున్న

ఫోన్‌లో వచ్చిన బుకింగ్‌లో స్పష్టంగానే ఉంది. పెద్దలు ఇద్దరు, పిల్లలు సున్న, ఒక రాత్రి. సాయంత్రం ఆరున్నరకు ఆటో దిగినవాళ్ళూ ఇద్దరే. ఆయన చేతిలో సూట్‌కేసు, ఆమె భుజాన పెద్ద సంచీ. మెట్లెక్కుతుంటే ఆమె శాలువా కింద ఏదో కదిలింది. నేను చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తాళంచెవి ఇచ్చి కిందికి వచ్చాను.

మాది యాదగిరిగుట్ట. 2016 అక్టోబర్ దాకా నల్లగొండ జిల్లా, ఆ తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లా. మా ఇంటివైపు పెద్దవాళ్ళకి మాత్రం జిల్లా అంటే ఇప్పటికీ నల్లగొండే. జూనియర్ కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో సగం పైన పాలమూరు జిల్లాలోనే గడిచింది. రిటైరయ్యాక అత్తగారి ఇంటికి వచ్చి స్థిరపడ్డాను. ఆయన లేరు. 2022 మార్చి 28న గుట్ట మీద కొత్తగా కట్టిన గుడి తెరిచాక ఊళ్ళో ప్రతి ఇంటి మీదా ఒక అంతస్తు లేచింది. మా ఇంటి మీదా లేచింది. మూడు గదులు. మా అబ్బాయి వాటి ఫోటోలు తీసి ఒక బుకింగ్ యాప్‌లో పెట్టాడు. "అమ్మా, నీకు కాలక్షేపం, కరెంటు బిల్లుకు ఆసరా" అన్నాడు. కాలక్షేపం సంగతేమో గాని, రిటైరయ్యాక ఇంత మందిని ఇంత దగ్గరగా చూస్తాననుకోలేదు.

గుట్టకు జనం ఎందుకొస్తారో మీలో చాలామందికి తెలుసు. దర్శనానికి, వ్రతాలకు, పెళ్ళిళ్ళకు, పుట్టెంటికలకు. పుట్టెంటికలంటే నెలల పిల్లలు. నానమ్మ, మేనమామ, మేనమామ భార్య, అందరూ వచ్చేది ఆ పిల్లో పిల్లాడో తల మీది వెంట్రుకల కోసమే. తీరా గది తీసుకునేటప్పుడు ఆ పిల్లే లెక్కలో ఉండదు. దేవుడి దగ్గరికి ముందు వరసలో పోయే మనిషి బుకింగ్‌లో లేదు! మొదట్లో నాకిది నవ్వులాటగా ఉండేది.

నవ్వు పోయింది రెండో నెలలో. ముగ్గురు పెద్దలని రాసి వచ్చిన కుటుంబంలో పది నెలల పిల్లాడున్నాడు. వాళ్ళు బట్టలు సర్దుకుంటున్నారు, తలుపు తెరిచే ఉంది. నేను కింద నీళ్ళు పడుతూ ఎందుకో తల ఎత్తాను. పిల్లాడు పాక్కుంటూ వచ్చి పైమెట్టు మీద కూర్చున్నాడు. మా మెట్లకు ఒక పక్కన ఇనప కడ్డీలు, కడ్డీకీ కడ్డీకీ మధ్య జానెడు పైగా సందు. నేను అరవలేదు. అరిస్తే నవ్వుకుంటూ నా వైపు వస్తాడని ఎందుకో తోచింది. ఆ వయసులో అన్ని మెట్లు ఎట్లా ఎక్కానో తెలియదు, మూడో మెట్టు మీద వాడి చొక్కా నా పిడికిట్లోకి వచ్చింది. కోపంతో వణికిపోయాను. "పిల్లాడున్నాడని ఎందుకు చెప్పలేదు?" అంటే, తండ్రి "మెట్ల దగ్గర ఒక గేటు పెట్టించొచ్చు కదా మేడం" అన్నాడు. తల్లి ఏమీ అనలేదు. పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. ఎవరు ఎవరిని కొట్టారో నాకు తెలియదు. తర్వాత పిల్లాడి ఏడుపు మాత్రం వినిపించలేదు.

ఆ రాత్రే మా అబ్బాయికి ఫోన్ చేసి, యాప్‌లో 'పసిపిల్లలకు అనువైన చోటు కాదు' అని పెట్టించాను. జాగ్రత్త కోసమే పెట్టించానని ఇప్పటికీ అనుకుంటాను. దాని ఫలితం ఏమైందంటే, పసిపిల్లలు రావడం తగ్గలేదు, చెప్పకుండా రావడం పెరిగింది. ఒకామె పిల్లను బట్టల సంచీలో పడుకోబెట్టి జిప్పు సగం వేసి తెచ్చింది. ఇంకొకరు రాత్రి పదింటికి, "మా చెల్లెలు వేరే గదిలో ఉంది, వాళ్ళ బాబు ఈ రాత్రికి మా దగ్గర ఉంటాడు" అన్నారు. ఆ చెల్లెల్ని నేను చూడలేదు.

వాళ్ళను అబద్ధాలకోరులు అనడం తేలిక. కాని పసిపిల్ల ఉందంటే గది ఎవరిస్తారు? "రాత్రంతా ఏడుస్తరు, పక్కగది వాళ్ళు గొడవ చేస్తరు, పరుపు కరాబైతది" అని మా వీధిలో గదులిచ్చే వాళ్ళందరూ చెప్పే మాటే. కొందరు మొహం మీదే లేదంటారు, కొందరు అదనపు మంచమని డబ్బడుగుతారు. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి చోట రెండేళ్ళ లోపు పిల్లలు అతిథుల సంఖ్యలోకి రారు, కాని వాళ్ళ కోసం విడిగా ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపడమంటే 'మా వల్ల మీకు ఇబ్బంది' అని ముందే సంతకం పెట్టినట్టేనని మన ఆడవాళ్ళు అనుకుంటారు. గది బుక్ చేసేది చాలాసార్లు మగవాళ్ళు. వాళ్ళకు ఆ గడే కనిపించదు. దిగాక సంజాయిషీ చెప్పుకునేది మాత్రం తల్లి. నేను అడిగిన ప్రతిసారీ తల ఒంచుకున్నది ఆమే. ఇది గమనించడానికి నాకు ఏడాది పట్టింది, అదీ స్త్రీవాదం గురించి సభల్లో మాట్లాడే నాకు.

ఆర్టీసీ బస్సులో ఐదేళ్ళు దాటిన పిల్లలకు అరటికెట్టు. ఆరేళ్ళ పిల్ల చేత "నాలుగు" అని చెప్పించని తల్లి మన ఊళ్ళల్లో ఉందా? నేనూ చెప్పించాను. మావాడు ఒకసారి కండక్టర్‌తో "ఇంట్లో ఆరు, బస్సులో నాలుగు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వాడి సంగతే చెప్పాలి. 1987లో నన్ను కల్వకుర్తి వైపు వేశారు. ఆయన ఉద్యోగం హైదరాబాదులో. ప్రసూతి సెలవు అయిపోయింది, పిల్లాడికి నాలుగో నెల. అత్తగారికి వాణ్ణి చూసుకునే ఓపిక లేదు. అమ్మ లేదు. గది వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ ఇంటాయన నన్ను నిలబెట్టి వరసగా అడిగాడు. ఏ ఊరు, ఎవళ్ళ అమ్మాయి, ఏ కులం, మాంసం వండుతవా, చుట్టాలొస్తరా, ఒక్కదానివేనా? "ఒక్కదాన్నే సార్" అన్నాను. కులం అడిగాడు కాబట్టి చెప్పాను. పిల్లాడి గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. 'ఒక్కదానివేనా' అన్నదాంట్లో ఆ ప్రశ్న ఉందని నాకు తెలియదని కాదు. తెలుసు.

రెండు వారాలు మా పెద్దమ్మ దగ్గర వదిలి, ఆ తర్వాత ఒక ఆదివారం రాత్రి ఆఖరి బస్సుకు తెచ్చుకున్నాను. కాలేజీకి పోయేటప్పుడు పక్క వీధిలో ఒక బీడీలు చుట్టే ఆమె దగ్గర దింపేదాన్ని. నెలకు ముప్ఫై రూపాయలు. సాయంత్రం చీకటి పడేదాకా ఆమె ఇంట్లోనే కూర్చుని, వాడు నిద్రపోయాక కొంగులో కప్పి మా గదికి తెచ్చేదాన్ని. రాత్రి వాడు కదిలితే చాలు, ఏడుపు బయటికి రాకముందే నోటికి పాలు అందించేదాన్ని. ఇవాళ ఆలోచిస్తే, ఆకలైందో లేదో వాడికి నేను ఏనాడూ తెలుసుకోనివ్వలేదు. వాడికి గొంతు లేకుండా చేయడమే నాకు రాత్రి డ్యూటీ.

పదకొండో రోజు దొరికిపోయాం. ఆయనకు చప్పుడు పడదన్నారు, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఆయన భార్య నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, గొంతు తగ్గించి, "నన్ను తిట్టుకోకమ్మా. మొదటి దినమే నాకు దెలుసు. పాలవాసన దాగుతదా?" అన్నది. మొదటి రోజే తెలిసి పది రోజులు ఆమె నోరు మూసుకుంది. నాకు ఆమె పేరు గుర్తులేదు. అసలు అడిగానో లేదో కూడా గుర్తులేదు.

ఆ పాలవాసన తెలిసిన దాన్నే 'పసిపిల్లలకు అనువైన చోటు కాదు' అని పెట్టించాను. ఆ ఫోటోలు తీసి పెట్టింది ఆ పిల్లాడే.

పాలమూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ మరో లెక్క చూశాను. వలసలకు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేది జంటకు. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక జంట. ఒళ్ళో పిల్ల ఏ లెక్కలోనూ లేదు. లారీలో ఎక్కేటప్పుడు మూట పక్కన మరో మూట. కాలువ తవ్వే చోట, రోడ్డు వేసే చోట చెట్టుకు చీరతో ఉయ్యాల. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. యాభై మంది కంటే ఎక్కువ ఆడకూలీలున్న చోట ఆరేళ్ళ లోపు పిల్లల కోసం గదులుండాలని అందులో ఉండేది. ఆడకూలీని జంటలో సగంగా రాసుకునే చోట యాభై మంది ఎప్పటికీ అవ్వరు. నా క్లాసులో చదివిన అమ్మాయిల్లో అట్లా చీర ఉయ్యాలలో పెరిగినవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళకు ఊరి పేరు అడిగితే చెప్పేవాళ్ళు, పుట్టిన చోటు అడిగితే నవ్వేవాళ్ళు.

ఇక్కడిదాకా వస్తే ఈ వ్యాసం 'తల్లులను నమ్మండి, ఉయ్యాల కట్టండి' అని ముగించవచ్చు. కాని నేనుండేది గుట్టలో.

2018 జూలై నెలాఖరులో రాచకొండ పోలీసులు మా ఊళ్ళో కొన్ని ఇళ్ళ మీద దాడిచేసి పదకొండు మంది ఆడపిల్లలను విడిపించారు. ఊహ తెలియని వయసులో తెచ్చి పెంచిన పిల్లలు వాళ్ళలో ఉన్నారు. త్వరగా ఎదగాలని హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారని పేపర్లలో చదివి నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నాను, ఇక్కడ లేను. మా అత్తగారు ఉంది. ఆ గల్లీ మీదుగా ఆమె రోజూ పాలకు పోయేది. "చిన్న చిన్న పిల్లలు వాకిట్ల ఆడుకునేటోళ్ళు. ఎవల పిల్లలో అనుకున్న. అడగలే" అన్నది. మా అత్తగారు చనిపోయేదాకా ఆ 'అడగలే' అన్న మాట అంటూనే ఉంది.

దానికీ ముందు దేవరకొండ తండాలు. 1999లోనూ మళ్ళీ 2001లోనూ లంబాడా ఆడశిశువులను కొని దత్తతల పేరిట విదేశాలకు పంపుతున్న సంగతి బయటపడింది. అప్పట్లో మేమంతా సభల్లో మాట్లాడాం. ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే జాతిలోకి కట్నం ఎట్లా వచ్చింది, మూడో ఆడపిల్ల పుడితే తల్లి మీద పడే భారమేమిటి, మధ్యవర్తి చేతికి ఎంత, ఆమె చేతికి ఎంత. గీతా రామస్వామి ఆ తండాల్లో తిరిగి చేసిన అధ్యయనం మాలో చాలామంది కళ్ళు తెరిపించింది. ప్రభుత్వం ఆ తరహా దత్తతలను ఆపింది. నాకు అప్పటినుంచి మనసులో ఒక బొమ్మ మిగిలిపోయింది. ఎవరో ఇద్దరు పెద్దమనుషులు, చక్కని బట్టలు, చేతిలో నల్లగా చిన్నగా ఒక ఆడశిశువు, రాత్రి ప్రయాణం.

ఆ బొమ్మే ఆ సాయంత్రం మా మెట్లెక్కింది.

ఎనిమిదింటికి ఆమె కిందికి వచ్చి, "ఆంటీ, వేడినీళ్ళు దొరుకుతాయా, ఫ్లాస్కులోకి?" అని అడిగింది. ఇక దాచడం లేదు. నీళ్ళు కాచి ఇస్తూ "ఎన్నో నెల?" అన్నాను. "మూడు" అన్నది. అప్పుడే మెట్ల మీద ఉన్న ఆయన "నాలుగు" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పేరేమిటంటే "పాప" అన్నారు. పాలు డబ్బావి. ఆమెకు పిల్లను ఎత్తుకోవడం సరిగా రావట్లేదు, మెడ కింద చెయ్యి పెట్టడం మరిచిపోతోంది. ఆ ఇద్దరూ చామనఛాయ కంటే తెలుపు, పిల్ల నలుపు. అవును, రంగు చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, చూశాను.

రాత్రి ఒంటిగంటకు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అరగంట ఆగలేదు. ఫోన్ తీసి 1098 కొట్టాను, కాల్ నొక్కలేదు. ఆ చైల్డ్‌లైన్ నంబరు వంటింటి గోడ మీద కూడా అంటించి ఉంది. పైకి వెళ్ళి తలుపు కొట్టాను. ఆమె తీసింది, జుట్టు రేగి ఉంది, ఒళ్ళంతా పాలు. నేను లోపలికి వెళ్ళి పిల్లను ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను. అడిగి తీసుకోలేదు. తీసుకున్నాను. భుజాన వేసుకుని వీపు నిమిరితే రెండు నిమిషాల్లో తేన్చి ఊరుకుంది. అప్పుడడిగాను. ముప్ఫయ్యేళ్ళ టీచరు గొంతుతో అడిగాను.

"ఎవల పిల్ల ఇది?"

ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె మాత్రం ఏమీ అనకుండా సంచీలోంచి ప్లాస్టిక్ ఫైలు తీసి మంచం మీద పెట్టింది. కళ్ళజోడు కింద ఉండిపోయింది. దీపం కిందికి తీసుకెళ్ళి చేయి చాచి చదివాను. కారా ద్వారా వచ్చిన దత్తత. శిశుగృహ ముద్ర, ఫోటో, దత్తతకు ముందు పెంపకానికి ఇచ్చినట్టు కాగితం. కలెక్టర్ ఉత్తర్వు ఇంకా రావాలి. 2022 నుంచి కోర్టు కాకుండా కలెక్టరే ఇస్తున్నారు కదా, దరఖాస్తు పెట్టిన రసీదు కూడా ఉంది. పిల్ల వాళ్ళ చేతికి వచ్చి తొమ్మిది రోజులు. మూడా నాలుగా అని తడబడింది అందుకు. పుట్టిన తేదీ డాక్టరు అంచనా వేసిందట.

"మూడేళ్ళు ఎదురుచూసినం ఆంటీ" అన్నది ఆమె. "రేపు మా అత్తగారింటికి పోతున్నం. వాళ్ళకింక చెప్పలే. అక్కడ అందరు అడుగుతరు. ఎవల పిల్ల, ఏం కులం, తల్లి ఎట్లాంటిదో. మొక్కు కూడ ఉండె, ఒక్క రాత్రి ఎవ్వరు అడగని జాగల ఉందామనుకున్నం. బుకింగ్‌ల శిశువు అని పెడదామంటె, పెట్టంగనె వయసు అడిగింది. నాకు ఏం రాయాల్నో తెలువలే."

ఆ ఒక్క రాత్రి కూడా నేను అడిగాను.

క్షమించమన్నాను. ఆయన "మీ తప్పేం లేదు మేడం" అన్నాడు, మర్యాదకు. ఆమె అనలేదు. నా భుజం మీది పిల్ల కోసం చేతులు చాపి నిలబడింది. అప్పటిదాకా పిల్ల నా దగ్గరే ఉందని నాకు స్పృహే లేదు. ఇచ్చాను. మెడ కింద చెయ్యి పెట్టడం ఈసారి మరిచిపోలేదు.

వాళ్ళ ఊరు రాయను. కొన్ని గుర్తులు మార్చాను కూడా. కాని ఈ సంగతి చెప్పినప్పుడల్లా మిత్రులు రెండు రకాలుగా మాట్లాడతారు. "ఆమెనట్లా నిలదీయడానికి నువ్వెవరు?" అంటుంది ఒకామె. "మంచి పని చేశావు, ఇంకా ముందే అడగాల్సింది" అంటుంది ఇంకొకామె, ఆమె పిల్లల హక్కుల కోసం ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి. ఇద్దరికీ నా దగ్గర జవాబు లేదు. అడగడం తప్పని ఒప్పుకుంటే మా అత్తగారి గల్లీ గుర్తొస్తుంది. అడగడం ఒప్పంటే, ఆ మంచం మీద ఫైలు పెట్టిన చెయ్యి గుర్తొస్తుంది. కన్నతల్లి అయితే ఏ కాగితమూ చూపించనక్కర లేదు, అదీ ఉంది. ఇప్పటిదాకా వచ్చిన ఇంతమంది తల్లుల్లో ఎవరినీ నేను రుజువు అడగలేదు. పాలిచ్చే రొమ్మును రుజువుగా తీసుకున్నాను. పైగా పిల్ల తెల్లగా ఉండి ఉంటే ఆ మెట్లెక్కేదాన్నా? ఎక్కేదాన్ని కాదేమో.

ఆ తర్వాత కొన్ని మార్పులు చేశాను. మెట్ల కడ్డీలకు సందు మూసే జాలీ కొట్టించాను, పైన చిన్న గేటు. గీజరు వేడి తగ్గించి పెట్టాను. మూడు గదుల్లోనూ స్లాబుకు ఉయ్యాల కొక్కెం వేయించాను. మేస్త్రీ "ఫ్యానుకా మేడం?" అని మూడుసార్లు అడిగాడు. యాప్‌లో పాత మాట తీయించి, 'పసిపిల్లలుంటే చెప్పండి, ఉయ్యాల ఉంది, డబ్బు లేదు' అని పెట్టించాను. ఇప్పుడు చెబుతున్నారు. అందరూ కాదు, సగానికి పైగా. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక మగవాళ్ళు లేకుండా అత్తాకోడళ్ళు, తల్లీకూతుళ్ళు వస్తున్నారు. వాళ్ళు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న, "కొక్కెం గట్టిదేనా?"

రిజిస్టర్‌లో పెద్దలందరికీ ఆధార్ నంబరు రాస్తాం. నేను పక్కన స్కేలు పెట్టి ఇంకో గీత గీశాను. 'ఒళ్ళో' అని పేరు పెట్టాను. పిల్ల పేరు, నెలలు, తెచ్చినవాళ్ళకు ఏమవుతుంది. నీలం రంగు బాల ఆధార్ ఉంటే చూస్తాను, లేకపోతే లేదు. దిగగానే, వెలుతురులో, మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి అడుగుతాను. కన్నవాళ్ళనూ అడుగుతాను. కొందరు కోప్పడతారు.

ఆ జంట పేజీలో '2' కొట్టేసి '3' అని దిద్దాను. పేరు దగ్గర ఖాళీ ఉంది. పొద్దున ఆమెను రాయమని పెన్ను ఇచ్చాను. కాసేపు పట్టుకుని కూర్చుని, "ఇంటికి పోయినంక పెడతం ఆంటీ" అని తిరిగి ఇచ్చేసింది. గత నెలలో తనిఖీకి వచ్చిన పోలీసు అబ్బాయి పాత పేజీలు తిప్పుతూ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇదేంది మేడం?" అన్నాడు.

"అప్పటికి ఇంకా పేరు పెట్టలేదు" అన్నాను.

పేజీ తిప్పాడు.